నౌపడ ఉప్పుమడిలో ట్యాక్సీవే

అది 2002 వేసవి. నౌపడ స్టేషన్ దాటి సముద్రం వైపు వెళ్తే ఉప్పు మళ్ళు మొదలవుతాయి. వాటి చివర ఎవరికీ అక్కర్లేని పాత మడి ఒకటి ఉండేది. గట్లు తెగిపోయి, నీరు నిలవక, నేల మాత్రం గట్టిగా బల్లపరుపుగా మిగిలింది. దాన్ని మూడు నెలల కోసం అడిగి పుచ్చుకుని అందులో నేనొక విమానాశ్రయం కట్టాను. కట్టానంటే, నేల మీద గీశాను. విమానం ఒక్కటే తక్కువ.

నా వృత్తే అది. గల్ఫ్‌లో ఒక పెద్ద విమానాశ్రయంలో 1988 నుంచి పదకొండేళ్ళు నేల మీద గీతలు వేశాను. మొదట రంగు డబ్బాలు మోసే కూలీగా, చివరి నాలుగేళ్ళు ఫోర్‌మన్‌గా. నడుం పట్టేసి ఇంటికొచ్చాను. మాది కోటబొమ్మాళి దగ్గర వ్యవసాయ కుటుంబం. పొలంలోకి దిగుదామంటే వంగే నడుం అప్పటికే పోయింది. టెక్కలిలో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకుని, బయటి దేశాల విమానాశ్రయాల్లో రంగుపనికి వెళ్ళేవాళ్ళకు శిక్షణ మొదలుపెట్టాను. మా వైపు వెల్డింగ్ నేర్పే చోట్లు వీధికొకటి ఉన్నాయి. గీతలు గీయడం నేర్పే చోటు నాదొక్కటే. గీతలకి కూడా బడేమిటని నవ్విపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు.

వాళ్ళ నవ్వులో తప్పు లేదు. విమానం ఎగరడం చూస్తారు, దిగడం చూస్తారు. ఆ రెండింటికీ మధ్య అది నేల మీద నడిచే నడక ఎవరికీ పట్టదు. ప్రయాణికులు ఎక్కే చోటు నుంచి ఎగిరే రన్‌వే దాకా, దిగిన రన్‌వే నుంచి మళ్ళీ నిలబడే చోటి దాకా విమానం నడిచే దారినే ట్యాక్సీవే అంటారు. ఆ దారిలో విమానం తన ఇంజన్ల బలంతోనే, తొందర లేకుండా వెళ్తుంది. రన్‌వే గీతలు తెలుపు, ట్యాక్సీవే గీతలు పసుపు. మధ్యలో పొడుగునా ఒక పసుపు గీత, దాని మీదుగా ముందుచక్రం పోనిస్తాడు పైలట్. అంచుల్లో నీలం దీపాలు ఉంటాయి. ఈ దారంటూ లేకపోతే దిగిన విమానం రన్‌వే మీదే వెనక్కి తిరిగి రావాలి, అంతసేపూ పైనున్నవి గాల్లో చక్కర్లు కొట్టాలి.

ట్యాక్సీవే వెళ్ళి రన్‌వేను కలిసే చోటికి కాస్త ముందే అడ్డంగా నాలుగు పసుపు గీతలు వేస్తాం. దాన్ని హోల్డింగ్ లైన్ అంటారు. రెండు నిండు గీతలు, రెండు తెంపు గీతలు. నిండు గీతలు ట్యాక్సీవే వైపు, తెంపు గీతలు రన్‌వే వైపు ఉండాలి. ఎగరడానికి వెళ్ళే విమానానికి ముందు నిండు గీత కనిపిస్తుంది. అక్కడ ఆగాలి, కంట్రోల్ టవర్ వాళ్ళను అడగాలి, వాళ్ళు సరేనంటేనే దాటాలి. దిగి వచ్చే విమానానికి ముందు తెంపు గీత కనిపిస్తుంది. అది ఆగనక్కర్లేదు, గీతలు దాటి వచ్చెయ్యాలి. ఈ వరస తిరగబడితే రంగు వృథా అవడంతో పోదు, ప్రాణాలు పోతాయి. అందుకే నా బడిలో అన్నిటికన్నా ఎక్కువ తిట్లు ఆ నాలుగు గీతల దగ్గరే పడేవి.

ఉప్పు మడిలో మొదటిరోజే నేనూ ఒక తెలివితక్కువ పని చేశాను. పసుపు రంగు డబ్బాలు దండగెందుకని సున్నంలో వంటింటి పసుపు కలిపించాను. పారాణి తెలిసిన ఏ ఆడమనిషిని అడిగినా చెప్పేది, అది ఎర్రబడుతుందని. నా ట్యాక్సీవే కాస్తా పెళ్ళికూతురి పాదంలా తయారైంది. పక్క మడిలో ఉప్పు లాగుతున్న కూలీలు పని మానేసి నవ్వారు. మర్నాడు గోడలకు వేసే రంగుపొడి తెప్పించాను. తెల్లటి నేల మీద తెల్ల గీత కనబడదు కాబట్టి రన్‌వేకు బొగ్గుపొడి వాడాం.

ఆ జట్టులో పద్దెనిమిది మంది. అందులో కామయ్య ఒకడు. మూలపేట అవతల సముద్రం ఒడ్డునున్న చిన్న పల్లె వాళ్ళది. ముప్పై అయిదేళ్ళుంటాయి. అంతకు ముందు తుఫానులో అతని తెప్ప విరిగిపోయింది. గుజరాత్ వెళ్ళి పెద్ద బోట్ల మీద నెలల తరబడి నడిసముద్రంలో ఉండడమో, లేకపోతే గల్ఫ్‌లో రెండేళ్ళు నేల మీద పనిచేసి ఇంజను నావ సంపాదించుకోవడమో, ఈ రెండే అతని ముందున్న దారులు. నా దగ్గరికి వచ్చినప్పుడు, "నేల మీద పనైతే నా ఆడది కాస్త నిద్రపోతాది మాస్టారూ" అన్నాడు. గల్ఫ్ కంపెనీలకు మనుషుల్ని ఎంచడానికి ముంబయి నుంచి పరీక్షాధికారి జూన్‌లో ఒక్కసారే వస్తాడు. అందులో తప్పితే ఆ ఏడాదికి ఇక గుజరాతే.

చెయ్యి మాత్రం దేవుడిచ్చిన చెయ్యి. మిగతావాళ్ళు దారం లాగి, కొలిచి, మళ్ళీ కొలిచి గీత వేస్తుంటే, కామయ్య ఒక మేకు పాతి, దూరంగా కొండ నెత్తిని ఒక తాటిచెట్టుతో కలిపి చూసుకుని నడుచుకుంటూ పోయేవాడు. తర్వాత దారం పెట్టి చూస్తే వెంట్రుకంత తేడా ఉండేది కాదు. సముద్రంలో చేపలుండే చోటు వాళ్ళు అలాగే గుర్తుపెట్టుకుంటారట, ఒడ్డున రెండు గుర్తులు ఒకే వరసలోకి వచ్చేదాకా తెప్ప నడిపి.

అంతటివాడు హోల్డింగ్ లైన్ దగ్గర మాత్రం తప్పేవాడు. నిండు గీతలు రన్‌వే వైపు వేసేవాడు. ఒకసారి చెప్పాను, రెండోసారి తిట్టాను. పరీక్ష వారం రోజులుందనగా మూడోసారి కూడా అలాగే వేశాడు.

"ఏటిది కామయ్యా? పటం సూడ్డం రాదా నీకు?" అని అరిచాను.

"వొచ్చు మాస్టారూ. సూసే ఏసినాను. సెయ్యి ఇంటం లేదు."

"సెయ్యి ఇనకపోడం ఏటి!"

"మరి మీరే సెప్పండి. బైట్నించి లోనకొచ్చీవోడు ఆగకుండా ఎలగొచ్చెత్తాడు? ఒడ్డుమీదోలు సూసి, రమ్మంటేనే గదా రావాల? ఎల్లీవోడిదేటుంది, ఆడి దైర్నం కొద్దీ ఆడెల్తాడు."

ఏం మాట్లాడుతున్నాడో నాకు అర్థం కాలేదు. నేను పొలాల మనిషిని. సముద్రం ఎనిమిది మైళ్ళ దూరంలో పుట్టి పెరిగినా దాని ఒడ్డున ఒక పూట కూర్చున్న పాపాన పోలేదు. "పొద్దున్న మా ఊరొచ్చి సూడండి" అన్నాడు. ఒళ్ళు మండుతూనే మోపెడ్ వేసుకుని వెళ్ళాను.

ఏడు గంటలయింది. ఒడ్డున ఇసుక దిబ్బ మీద ఒకామె నిలబడి ఉంది. చేతిలో ఎర్ర తువ్వాలు. కామయ్య భార్య దాలమ్మ. ఆమెకు కెరటం చదవడం తెలుసని ఆ పల్లెలో అందరి నమ్మకం. కెరటాలు విరిగే చోటికి అవతల నాలుగు నావలు ఆగి ఊగుతున్నాయి. చేపలు పట్టుకుని తిరిగొచ్చిన మనుషులు, ఇల్లు కళ్ళముందే ఉంది, అయినా ఎవరూ కదలడం లేదు.

నేను పలకరించబోయాను. "మాస్టారు బాబేనా? కూకోండి. మాటాడకండి" అంది, సముద్రం మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

పెద్ద కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి విరిగాయి. తర్వాత సముద్రం ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నట్టు నిదానించింది. ఆమె చెయ్యి పైకి లేచింది, తువ్వాలు ఊపింది. ఒక నావ తెడ్లు వేసుకుంటూ దూసుకొచ్చి ఇసుక మీదికి ఎక్కింది. మళ్ళీ చెయ్యి దించేసింది. మిగతా మూడూ అక్కడే ఆగాయి. నాలుగో నావ ఒడ్డెక్కేసరికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ నేను నోరు తెరవలేదు. నా జీవితంలో అది అరుదు.

"ఊపినా గానీ ఎవడైనా రాకపోతే?" అని చివరికి అడిగాను.

"ఊపినాక ఆగకూడదు బాబూ. ఊపినాక ఆలోసించినోడు బోర్లా పడతాడు. మా అన్నదమ్ముడొకడు అలాగే పోనాడు" అంది. తువ్వాలు మడిచి నడుముకు దోపుకుంది.

కామయ్య తప్పు ఎక్కడుందో నాకు అప్పుడు తెలిసింది. బుర్రలో కాదు. పుట్టినప్పటి నుంచి ఒంట్లో ఉన్న భయంలో. దాన్ని తిట్లతో తీసెయ్యలేం.

మర్నాడు మడిలో అతన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. "కామయ్యా, రన్‌వేని నువ్వేటనుకుంటన్నావు?"

"ఒడ్డు."

"గాదు. అది కెరటం ఇరిగీ సోటు. ఇమానం దాని మీద దిగిందంటే కెరటం మద్దిలో ఉన్నట్టు. ఎనకాల ఇంకోటొత్తంది. అప్పుడు ముందరోడ్ని ఆపుతావేటి?"

అతను ఉలిక్కిపడ్డాడు. "కెరటంలో ఆపితే సచ్చిపోడా!"

"అదీ. మీ దాలమ్మ తువ్వాలు ఊపడం పైన గాల్లో ఉండగానే అయిపోతాది. టవరోలు రమ్మన్నాకే ఆడు దిగుతాడు. దిగినాక ఇంక అడ్డుండకూడదు. ఆగాల్సినోడు ఒడ్డు మీదున్నోడు, ఎల్లీవోడు."

కామయ్య ఆ పసుపు గీతల మీదికి వంగాడు. వేలితో తెంపు గీత మధ్యలోని ఖాళీని తడిమాడు. "అయితే రమ్మనడం ముందే అయిపోనాదన్నమాట. ఈ సందులు అందుకన్నమాట" అన్నాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా తప్పలేదు.

జూన్‌లో పరీక్షాధికారి గొడుగు కింద కూర్చుని చెమట తుడుచుకుంటూ చూశాడు. పద్దెనిమిది మందిలో ఆరుగురు నెగ్గారు. కామయ్య గీత మీద దారం పెట్టి చూసి, ఈ మనిషి ఇంతకు ముందు ఎక్కడ పనిచేశాడని నన్ను అడిగాడు. సముద్రం మీద అన్నాను. నవ్వులాటకు అన్నాననుకున్నాడు.

ఆగస్టులో పలాస స్టేషన్ నుంచి ముంబయి రైలెక్కించాం. జీడిపప్పు కార్ఖానాల పొగ వాసన ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది. రైలు కదలగానే వచ్చినవాళ్ళందరూ చేతులు ఊపారు. దాలమ్మ మాత్రం రెండు చేతులూ పమిటలో చుట్టుకుని బిగుసుకుపోయి నిలబడింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికైనా చెయ్యి బయటికి తియ్యలేదు.

"ఒకసారి సెయ్యూపమ్మా, సూత్తన్నాడు" అన్నాను.

"ఎల్లీవోడికి ఊపకూడదు బాబూ. ఊపితే రమ్మన్నట్టు" అంది.

అప్పటి నుంచి శుక్రవారం శుక్రవారం ఆమె నా బడికి వచ్చేది. గల్ఫ్‌లో అది సెలవు రోజు, పదిగంటలకు నా ఫోనుకు కామయ్య చేసేవాడు. వచ్చినప్పుడల్లా ఎండుచేపల పొట్లం తెచ్చేది. ఇంటి యజమాని ముక్కు మూసుకుని గొణిగేవాడు, తన వాటా అందగానే ఊరుకునేవాడు. రెండేళ్ళు అలా గడిచాయి. గడువు అయిపోయింది. కామయ్య ఇంకో ఏడాది ఉంటానన్నాడు. నావ సరే, ఇంజను కూడా మంచిది కొనాలట. ఆ ఏడాది సగంలో ఉండగానే ఇంకొంత కాలం అన్నాడు.

నాకు ఆ మాటలు బాగా తెలుసు. అక్కడ పనిచేసేవాడికి అన్నిటికన్నా కష్టమైనది ఎండ కాదు. మేం గీతలు వేస్తుండగా పక్క ట్యాక్సీవే మీద విమానం వస్తే పని ఆపి దూరంగా జరిగి నిలబడాలి. అది మెల్లగా మన ముందు నుంచి వెళ్తుంది. కిటికీల్లో తలలు కనిపిస్తాయి. అది ముంబయి విమానమని మనకు తెలుసు. అందులో ఎవడో మన వైపువాడు ఉంటాడని తెలుసు. హోల్డింగ్ లైన్ దగ్గర, మన చేత్తో వేసిన గీత దగ్గర, అది ఆగి నిలబడుతుంది. అంత దగ్గర్లో ఇంటికి వెళ్ళే దారి ఆగి ఉంటే, మన చేతిలో రంగు బ్రష్షు ఉంటుంది. అది కాస్తా కదిలి వెళ్ళిపోతుంది. పదకొండేళ్ళలో ఆ బాధ ఒక్కరోజు కూడా పాతబడలేదు.

2005 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం కామయ్య ముందు నాతో మాట్లాడాడు. "మాస్టారూ, నిన్న మన ముంబయి ఇమానం నా గీత కాడ ఆగినాది. కిటికీలోంచి ఎవులో సిన్నపిల్ల నాకు సెయ్యూపినాది. నాను ఊపలేదు. ఎల్లీదానికి ఊపకూడదు గదా." ఆ వెంటనే, "ఇంకో ఆరు నెలలు ఉండిపోతాను, దాలికి మీరే సెప్పండి" అన్నాడు.

రిసీవర్ ఆమె చేతికిచ్చి, "ఆరు నెలలంటన్నాడు" అని మాత్రం అన్నాను.

ఆమె రిసీవర్ చెవికి ఆనించుకుంది. కిటికీలోంచి టెక్కలి బజారు వైపు చూస్తూ నిలబడింది. ఆ రోజు ఇసుక దిబ్బ మీద నిలబడినట్టే. అటు నుంచి హలో, హలో అని కామయ్య గొంతు నాకూ వినబడుతోంది. కాసేపటికి, నెమ్మదిగా, ఎవరితోనో రోజూ అనే మాట అన్నట్టుగా అంది.

"మావా, కెరటం తగ్గింది. ఒడ్డుకి రా."

అంతే. ఫోను పెట్టేసింది. ఎండుచేపల పొట్లం బల్ల మీద పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయింది. మరుసటి శుక్రవారం ఫోను రాలేదు. ఆ పైవారం కూడా రాలేదు. ఆమె కూడా రాలేదు. నేనే గాభరాపడి వాళ్ళ పల్లెకు వెళ్ళాను. "ఊపేసినాను గదా బాబూ, దార్లో ఉంతాడు" అని వల బాగుచేసుకుంటూ కూర్చుంది. ఇంకా వారం తిరక్కుండానే కామయ్య ముంబయి నుంచి ఫోను చేసి, రైలు ఏ రోజు పలాస చేరుతుందో చెప్పాడు.

రైలు వచ్చే రోజు మధ్యాహ్నం దాలమ్మతో పాటు నేనూ స్టేషన్‌కు వెళ్ళాను. రైలు ఆగింది. తలుపుల దగ్గర దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ ఒకరినొకరు తోసుకుంటున్నారు. కామయ్య నెత్తిన పెట్టెతో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, దిగడం లేదు. వెనకాల ఎవరో తిడుతున్నారు. అతను దాలమ్మ వైపే చూస్తున్నాడు. ఆమె గుంపును చూస్తోంది. ఒక మూటల కుటుంబం దిగింది, ఒక పెళ్ళివారి జట్టు ఎక్కింది, తలుపు దగ్గర కాస్త ఖాళీ అయింది. అప్పుడు నడుములోంచి ఆ ఎర్ర తువ్వాలు తీసి ఊపింది. కామయ్య దిగాడు. పెట్టె నా చేతికిచ్చేశాడు. వాళ్ళిద్దరూ ఒకర్నొకరు చూసుకుని నవ్వుతూ నిలబడ్డారు. ఆ పెట్టె చాలా బరువుంది, నా నడుం సంగతి ఎవరికీ గుర్తు లేదు.

మంచి ఇంజను తర్వాత చూసుకుందామని ఎవరో వాడిన పాత ఇంజనొకటి కొని నావ దించాడు. ఇప్పటికీ సముద్రం మీదికి వెళ్తున్నాడు.

ఈ అనుభవం నుంచి నేను నేర్చుకున్నదేమిటో చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి. నేను గల్ఫ్‌లో ఉండగానే, 1996లో నా భార్య సరోజిని జ్వరంతో పోయింది. కబురు అందిన రోజు నేను ట్యాక్సీవే మీద హోల్డింగ్ లైన్ వేస్తున్నాను. సెలవు అడిగి, సంతకాలు పెట్టించుకుని, టిక్కెట్టు దొరికి ఇంటికి చేరేసరికి పదకొండో రోజు. ఎనిమిదేళ్ళలో నేను ప్రతిసారీ ఇంకో ఏడాది, ఇంకో ఆరు నెలలు అంటూనే ఉన్నాను. ఆమె ఏనాడూ వద్దనలేదు. అందుకే ఆమెకు కష్టం లేదనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

కామయ్య వచ్చిన రోజు సాయంత్రం ఇంటికెళ్ళి ట్రంకు పెట్టెలోంచి ఆమె ఉత్తరాలన్నీ తీశాను. ఆవు ఈనిందని, గోడ పడిందని, వానలు లేవని, అన్నీ రాసేది. ప్రతి ఉత్తరం చివరా, సంతకానికి పైన, ఒకే మాట ఉంది. "మీ వీలు చూసుకుని రండి."

చదువుకున్న ఇంటి పిల్ల కాబట్టి మర్యాదగా రాసింది. నేను వీలు అన్న మాట ఒక్కటే చదివాను. చివర ఉన్న రండి అన్న మాట ఎనిమిదేళ్ళూ నాకు కనబడలేదు. దిగి వచ్చేవాడికి అడ్డం లేకుండా తెంపు గీతలు వేసింది నా చేతులే, ఎన్ని వందలసార్లు వేశానో లెక్క లేదు. నా ముందూ తెంపు గీతే ఉందని నాకే తెలియలేదు.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి జట్టుకూ హోల్డింగ్ లైన్ నేర్పిన రోజున ఇంటి నుంచి వచ్చే ఉత్తరాల గురించి కూడా చెప్తాను. కుర్రాళ్ళు ముసలాయన చాదస్తం అనుకుంటారు. అనుకోనీ. సరోజిని అన్నాళ్ళూ ఒడ్డున నిలబడి తువ్వాలు ఊపుతూనే ఉంది. నేను కెరటం తగ్గలేదనుకుంటూ కూర్చున్నాను.